ధాతువు ఎవరిది? అన్నమాచార్య సంకీర్తనలకు రాళ్ళపల్లి స్వరకల్పన – కాపీరైట్ చట్టంలో స్వోపజ్ఞత

ఉపోద్ఘాతం

అనంతపురం జిల్లా కంబదూరు మండలంలోని రాళ్ళపల్లి గ్రామంలో 1893 జనవరి 23న అనంతకృష్ణశర్మ జన్మించారు. వానకు మొగం వాచిన ఆ మెట్టసీమ నుంచి మైసూరు చేరి, పరకాల మఠంలో సంస్కృతాన్ని, బిడారం కృష్ణప్ప వద్ద సంగీతాన్ని అభ్యసించారు. మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు బోధించారు. సాహిత్య చరిత్రలో ఆయన వేమనపై ఉపన్యాసాలు వెలయించిన విమర్శకుడు, గాథాసప్తశతీ సారాన్ని ప్రాకృతం నుంచి తెనిగించిన అనువాదకుడు. సంగీత చరిత్రలో తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను పరిష్కరించి, వాటిలో నూటికి పైగా కీర్తనలకు స్వరరూపం కల్పించిన విద్వాంసుడు.

ఈ చివరి కృషిలో కాపీరైట్ చట్టానికి సంబంధించిన ఒక మౌలికమైన ప్రశ్న ఇమిడి ఉంది. సంకీర్తనలోని మాటలు అయిదు శతాబ్దాల నాటివి. వాటిపై ఎవరికీ హక్కు లేదు. వాటిని పాడుతున్న వరుస ఇరవయ్యో శతాబ్దం నడుమ పుట్టింది. ఆ వరుస ఎవరిది? అన్నమయ్యదా, దాన్ని కల్పించిన రాళ్ళపల్లిదా, ప్రచురించిన సంస్థదా, సంప్రదాయానిదా? చట్టం ఈ ప్రశ్నకు ‘స్వోపజ్ఞత’ అన్న ఒక్క గీటురాయితో సమాధానం వెదకుతుంది. ఆ గీటురాయి చరిత్రను, లక్షణకారుల వాగ్గేయకార వివేచనను పక్కపక్కన ఉంచి, రాళ్ళపల్లి కృషిలోని రెండు భాగాలు, అంటే పాఠపరిష్కరణ, స్వరకల్పన, ఈ పరీక్షకు ఎలా నిలుస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాగిరేకులు చెప్పినది, చెప్పనిది

అన్నమాచార్యులు (1408–1503) ముప్పది రెండు వేల సంకీర్తనలు రచించినట్లు ఆయన మనుమడు చినతిరువెంగళనాథుడు అన్నమాచార్య చరిత్రలో చెప్పాడు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం నుంచి వెలికి వచ్చిన రాగిరేకులలో అందులో సగానికి లోపే లభించాయి. ఇరవయ్యో శతాబ్దంలో తిరుమల తిరుపతి దేవస్థానం వాటి ముద్రణను చేపట్టింది. పరిష్కర్తలలో ఒకరైన వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో మరణించారు. మైసూరులో ఉద్యోగ విరమణ చేసిన రాళ్ళపల్లి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో ఆ పనిని కొనసాగించారు.

రాగిరేకు ప్రతి కీర్తనకూ తలమీద రాగనామం చూపుతుంది. తర్వాత పల్లవి, చరణాలు ఇస్తుంది. స్వరలిపి ఇవ్వదు. రాగం పేరు తెలిసినంత మాత్రాన వరుస తెలియదు. వ్యాకరణం తెలిసినవాడికి ఒక కవి రాయబోయే వాక్యం తెలియనట్లే, రాగలక్షణం తెలిసినవాడికి కూడా ఒక కీర్తన నడిచిన తీరు తెలియదు. పైగా అయిదు వందల ఏళ్ళలో ఒకే పేరుతో ఉన్న రాగాల స్వరూపం మారుతూ వచ్చింది. కొన్ని రాగాలు వాడుక నుంచే తప్పుకొన్నాయి.

త్యాగరాజ కృతుల పరిస్థితి ఇది కాదు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్య పరంపరలలో పాఠాంతరాలు ఎన్ని ఉన్నా, వరుస గురుముఖతః వచ్చింది. దీక్షితుల కృతులను సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరపరిచారు. అక్కడ ఆయన ప్రధానంగా లేఖకుడు, ఉన్నదాన్ని నిలిపినవాడు. అన్నమయ్య విషయంలో నిలపడానికి వరుస మిగలలేదు. అందువల్ల రాళ్ళపల్లి చేసిన పని లేఖనం కాదు, కల్పన. చట్టదృష్టిలో ఈ భేదమే ప్రధానం.

‘ఒరిజినల్’ అన్న మాట చట్టంలోకి వచ్చిన తీరు

భారతదేశంలో గ్రంథస్వామ్యానికి తొలి శాసనం 1847లో ఈస్ట్ ఇండియా కంపెనీ పాలనలో వచ్చింది. ఆ కాలపు వ్యాజ్యాలలో పాత గ్రంథాల కొత్త ముద్రణలకు సంబంధించినవి తెలుగు పరిశోధకులకు ఆసక్తికరం. 1889లో బొంబాయి హైకోర్టు నిర్ణయించిన గంగావిష్ణు శ్రీకృష్ణదాసు వ్యాజ్యం ‘వ్రతరాజము’ అనే సంస్కృత గ్రంథానికి సంబంధించినది. మూలం ఎవరి సొత్తూ కాకపోయినా, దానికి పరిష్కర్త చేర్చిన అంశాలతో, వివరణలతో కూడిన ముద్రణకు రక్షణ ఉంటుందని న్యాయస్థానం అంగీకరించింది.

‘ఒరిజినల్’ అన్న విశేషణం 1911 నాటి బ్రిటిష్ చట్టంతో స్పష్టంగా ప్రవేశించింది; 1914 చట్టం ద్వారా ఇక్కడికి వచ్చింది. 1957 చట్టం 13వ సెక్షను సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకు దాన్నే ప్రమాణంగా నిలిపింది. ఏ చట్టమూ ఆ మాటకు నిర్వచనం ఇవ్వలేదు. ఆ పని న్యాయస్థానాలు చేశాయి. 1916లో లండన్ విశ్వవిద్యాలయ పరీక్షపత్రాలపై వచ్చిన తీర్పు పునాది వేసింది: భావం కొత్తది కానక్కరలేదు, కృతి కర్త నుంచి పుట్టాలి, మరొకచోటి నుంచి ఎత్తి రాసినది కాకూడదు. అంటే చట్టం కోరే స్వోపజ్ఞత అపూర్వత కాదు. కావ్యవిమర్శలో ‘మౌలికత’ అన్నప్పుడు ఉద్దేశించే గుణవిశేషం చట్టానికి అవసరం లేదు.

1924లో మాక్మిలన్, కూపర్ సంస్థల వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ ఒక హద్దు గీసింది. ప్లూటార్కు రాసిన అలెగ్జాండరు చరిత్రకు నార్త్ చేసిన పాత అనువాదంలో కొన్ని భాగాలు ఏరి కూర్చినంత మాత్రాన ఆ పాఠంపై హక్కు రాదనీ, విద్యార్థుల కోసం రాసిన వ్యాఖ్యలకు హక్కు ఉంటుందనీ తేల్చింది. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ వ్యాజ్యంలో ఈ చర్చను మరింత సూక్ష్మం చేసింది. కేవలం శ్రమ చాలదు. గొప్ప సృజన కూడా అక్కరలేదు. నైపుణ్యం, వివేచన కనిపించాలి, కొంతైనా సృజనాంశం ఉండాలి. న్యాయనిర్ణయాల పాఠంలో అచ్చుతప్పులు దిద్దడం ఆ ప్రమాణానికి అందలేదు. పేరాలుగా విడదీసి సంఖ్యలు వేయడం, న్యాయమూర్తుల ఏకీభావ భిన్నాభిప్రాయాలను గుర్తించి చూపడం అందింది.

భారతీయ సాహిత్యశాస్త్రానికి ఈ వివేచన కొత్త కాదు. ఆనందవర్ధనుడు కావ్యార్థాల పోలికను ప్రతిబింబం, చిత్తరువు, తుల్యదేహి అని మూడు విధాలుగా విభజించి, మొదటి రెండింటినీ నిరాకరించి మూడవదాన్ని అంగీకరించాడు. రాజశేఖరుడు హరణ భేదాలను ఇంకా విస్తరించాడు. అయితే వారు అడిగినది కవిత్వం నిలుస్తుందా అని. చట్టం అడిగేది హక్కు పుడుతుందా అని. ప్రయోజనం వేరు కాబట్టి ప్రమాణమూ వేరు.

ధాతుమాతువులు: శార్ఙ్గదేవుని గణన

పాటలో మాటను మాతువు అనీ, వరుసను ధాతువు అనీ లక్షణకారులు వ్యవహరించారు. రెండింటినీ నిర్మించేవాడు వాగ్గేయకారుడు. పదమూడవ శతాబ్దపు శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం ప్రకీర్ణకాధ్యాయంలో చేసిన తారతమ్య గణన ఇక్కడ గమనింపదగినది. ధాతువులో అధికుడై మాతువులో మందుడైనవాడు మధ్యముడు. రమ్యమైన మాతువు కూర్చినా ధాతువులో మందుడైనవాడు అధముడు. సంగీతశాస్త్రం గనుక బరువు ధాతువు వైపే మొగ్గింది. ఇతరుల ధాతువుకు తన మాతువును అతికేవాడికి ‘కుట్టికారుడు’ అని వేరే పేరే పెట్టాడు.

ఇందులో రెండు విశేషాలున్నాయి. మొదటిది, ధాతుమాతువుల కర్తృత్వాన్ని విడదీసి చూడడం ఈ సంప్రదాయానికి పరిచితమే. పరుల ధాతువు పరులదేనన్న స్పృహ లేనిదే కుట్టికారుడన్న పేరు పుట్టదు. 1957 చట్టం పాటలోని మాటలను సాహిత్యకృతిగా, వరుసను సంగీతకృతిగా వేరుచేసి, ఇద్దరు కర్తలను గుర్తించడం ఈ విభజనకు సమీపంగానే ఉంది. రెండవది, దీనికి విపర్యయమైన స్థితికి, అంటే పూర్వుల మాతువుకు తన ధాతువును కల్పించేవాడికి, ఆ గణనలో ప్రత్యేకమైన పేరు కనిపించదు. రాళ్ళపల్లి నిలిచిన స్థానం అదే. పేరు లేని స్థానం కాబట్టి వాడుకలో ఆ కర్త సులువుగా కనుమరుగవుతాడు. కీర్తన ‘అన్నమాచార్యులది’ అనగానే మాతువుతో పాటు ధాతువు కూడా ఆయన ఖాతాలోకి చేరిపోతుంది.

ఆ వాడుక ఎంత బలమైనదో ఒక ప్రసిద్ధ కీర్తన చూపుతుంది. ‘నానాటి బతుకు నాటకము’ కీర్తనకు రాగిరేకు చెప్పే రాగం ముఖారి. నేడు తెలుగువారి చెవుల్లో నిలిచినది నేదునూరి కృష్ణమూర్తి రేవతి రాగంలో కూర్చిన వరుస. మాతువు అన్నమయ్యది, ధాతువు నేదునూరిది, రాగం సైతం రేకు చెప్పినది కాదు. అయినా వినేవారిలో చాలామందికి అది ఏకకర్తృకమైన ప్రాచీన కీర్తనే.

లిపి నుంచి నాదానికి: 1957, 1994

1957 చట్టంలోని తొలి నిర్వచనం ప్రకారం సంగీతకృతి అంటే అచ్చులోనో రాతలోనో మరో దృశ్యరూపంలోనో నిలిచిన స్వరమేళనం. గురువు నోట శిష్యుడు నేర్చిన వరుస ఎంత స్వోపజ్ఞమైనా, లిపికెక్కనంత వరకు ఆ నిర్వచనంలోకి రాదు. 1977లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ వ్యాజ్యంలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. మనోధర్మంతో, గాత్రమాధుర్యంతో జీవించే భారతీయ సంగీతాన్ని కాగితంమీది గుర్తులకు కుదించడం ఈ నేల స్వభావానికి పొసగదనీ, గాయకునికి ఏ హక్కూ మిగలడం లేదనీ ఆయన అభిప్రాయపడ్డారు.

ఈ నేపథ్యంలో రాళ్ళపల్లి కీర్తనలను స్వరలిపితో ప్రకటించడం బోధనోపకరణంగానే కాక చట్టపరంగానూ ప్రాధాన్యం సంతరించుకొంది. స్వరపరిచి అచ్చువేయడంతో వరుసకు చట్టం గుర్తించగల దేహం ఏర్పడింది. అదే సమయంలో ఆ దేహం అస్థిపంజరం వంటిది. స్వరలిపి స్వరస్థానాన్ని, కాలాన్ని చూపుతుంది. గమకాన్ని, అనుస్వరాన్ని పూర్తిగా పట్టదు. కంపితం ఎంత, జారు ఎక్కడ ఆగాలి అన్నవి గురుముఖతః తెలియవలసినవే. అంటే అప్పటి చట్టం రక్షించినది వరుస ఎముకలను. వినేవారిని కదిలించే అంశంలో అధికభాగం దాని పరిధికి వెలుపలే ఉండిపోయింది.

1994 సవరణ నిర్వచనాన్ని మార్చింది. సంగీతంతో కూడినదే సంగీతకృతి; స్వరలిపి అందులో ఒక రూపం మాత్రమే. వరుసను లిపిలో నిలిపినా నిలపకపోయినా కూర్చినవాడే స్వరకర్త అని విడిగా చెప్పింది. గాయకులకు ప్రదర్శకుల హక్కును కూడా ఆ సవరణే చేర్చింది. లిపి నుంచి నాదానికి చట్టం చేరడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

రాగం ఉమ్మడి సొత్తు కదా, అందులో ఒకరి స్వోపజ్ఞత ఎంత అన్న ఆక్షేపం ఇక్కడ సహజం. 1978లో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నాటక సినిమాల సందర్భంలో చెప్పిన సూత్రం దీనికి సమాధానం: ఇతివృత్తం, భావం ఎవరి సొత్తూ కావు, వాటిని నిర్వహించిన తీరుకే రక్షణ. రాగం ఇతివృత్తం వంటిది. ఒకే రేకును, ఒకే రాగాన్ని తీసుకొని ఇద్దరు విద్వాంసులు స్వతంత్రంగా వరుసలు కడితే, సంచారాలు కొన్ని కలిసినా, ఇద్దరూ కర్తలే. ఒకరిది చూసి మరొకరు దించుకొన్నప్పుడే చట్టం జోక్యం చేసుకొంటుంది.

పరిష్కర్త, స్వరకర్త: ఒకే వ్యక్తి, రెండు ప్రమాణాలు

రాళ్ళపల్లి ఒకే కీర్తనపై రెండు భిన్నమైన పనులు చేశారు. పరిష్కర్తగా ఆయన ఆదర్శం తాను కనిపించకపోవడం: అన్నమయ్య పలికినదాన్నే, అంతకు మించకుండా, చదువరికి అందించడం. స్వరకర్తగా ఆయన తనను తాను చొప్పించక తప్పదు; అక్కడ పునరుద్ధరించడానికి మూలం లేదు. చట్టం ఈ రెండవ పనిని సులభంగా గుర్తిస్తుంది. మొదటి పని దగ్గర తడబడుతుంది.

ఆ తడబాటు ఇతర దేశాలలోనూ కనిపిస్తుంది. మృతసముద్రపు చుట్టలలో ఒకదాన్ని శకలాల నుంచి కూర్చి, లుప్త భాగాలను పూరించిన ఎలిషా కిమ్రోన్ కృషిని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2000లో స్వోపజ్ఞంగా గుర్తించింది. 1726లో మరణించిన ఫ్రెంచి స్వరకర్త లలాండ్ రచనలను ప్రదర్శనయోగ్యంగా పరిష్కరించిన లయనెల్ సాకిన్స్ పనిని ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం 2005లో సంగీతకృతిగానే పరిగణించింది. 2014లో పారిస్ న్యాయస్థానం దీనికి భిన్నంగా తీర్పు చెప్పింది. మధ్యయుగ తాళపత్రాల వంటి ప్రతుల నుంచి పాఠాన్ని స్థిరపరచడం ఎంతటి పాండిత్యం కోరినా, లక్ష్యం మూలవిధేయత గనుక అందులో పరిష్కర్త వ్యక్తిత్వముద్ర ఉండదనీ, రక్షణ రాదనీ డ్రో, గార్నియే ప్రచురణసంస్థల వివాదంలో నిర్ణయించింది.

ఈ తీర్పుల మధ్య ఒక వైపరీత్యం దాగి ఉంది. ప్రతిలో ఉన్నదాన్ని పొల్లుపోకుండా చదివిన పరిష్కర్తకు హక్కు సన్నగిల్లుతుంది. లేనిదాన్ని ఊహించి పూరించిన పరిష్కర్తకు హక్కు బలపడుతుంది. పాఠనిర్ణయ శాస్త్రంలో గౌరవం పొందే నిగ్రహం చట్టంలో లోటుగా, ఆ శాస్త్రం శంకించే సాహసం చట్టంలో బలంగా మారుతుంది. పూరించిన పాఠం నిజంగా అన్నమయ్యదే అయితే అది పరిష్కర్తది కాదు. పరిష్కర్తది అయితే అది అన్నమయ్యది కాదు. హక్కు కోరడమంటే తన పాఠం కల్పితమని కొంతవరకు ఒప్పుకోవడమే. మోదక్ తీర్పు ప్రమాణాన్ని ఇక్కడ అన్వయిస్తే, రేకులోని వ్రాతతప్పులను దిద్దడం, పదవిభాగం చేయడం వంటివి రక్షణకు అందకపోవచ్చు. పీఠిక, టిప్పణి, అర్థనిర్ణయం, వివేచనతో చేసిన కూర్పు నిస్సందేహంగా అందుతాయి.

స్వరకల్పనకు కూడా ఇటువంటి సంకటం ఒకటి ఉంది. భక్తిభావంతో ఒక వరుసను ‘అన్నమయ్య వరుసే’ అని ప్రచారం చేస్తే, అది స్వరకర్త కర్తృత్వాన్ని తుడిచివేయడమే అవుతుంది. వినయం సంప్రదాయంలో గుణం. చట్టం ముందు అది సాక్ష్యాన్ని పోగొట్టుకోవడం.

యజమాని, కర్త, కాలపరిమితి

స్వోపజ్ఞత హక్కును పుట్టిస్తుంది. అది ఎవరి చేతిలో ఉంటుందన్నది వేరే ప్రశ్న. ఉద్యోగధర్మంలో భాగంగా చేసిన కృతికి, వేరే ఒప్పందం లేకపోతే, నియోగించినవారే తొలి యజమానులని 1957 చట్టం 17వ సెక్షను చెబుతుంది. 1911 చట్టం ద్వారా అంతకుముందు అమలులో ఉన్న సూత్రమూ ఇదే. సంస్థలు చేపట్టిన పరిష్కరణ పథకాలన్నిటికీ ఇది వర్తించే అంశం. అయితే యజమాని మారినా కర్త మారడు. 57వ సెక్షను కర్తకు ఇచ్చిన ప్రత్యేకహక్కులు, అంటే తన కృతిని తనదిగా చెప్పుకొనే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేయకుండా ఆపే హక్కు, యాజమాన్యంతో నిమిత్తం లేకుండా నిలుస్తాయి. మరణానంతరం కర్తృత్వాన్ని ప్రకటించుకొనే హక్కును వారసులకు 2012 సవరణ అందించింది.

కాలపరిమితి కర్త మరణం తర్వాతి సంవత్సరం నుంచి లెక్కకు వస్తుంది. 1957లో అది 50 ఏళ్ళు. 1992లో 60 ఏళ్ళకు పెరిగింది. రాళ్ళపల్లి 1979 మార్చి 11న మరణించారు. ఆయుర్దాయాన్ని బట్టి లెక్కించే ఈ సాధారణ నియమం ప్రకారం ఆయన కల్పించిన వరుసలకు 2039 డిసెంబరు చివరి వరకు రక్షణ ఉంటుంది. మాతువు అందరిదీ, ధాతువు ఇంకా కొంతకాలం అందరిదీ కాదు. ఒకే పల్లవిలో ఈ రెండు స్థితులు కలిసి ఉన్నాయి.

చట్టం సామాన్యుల గొంతు నొక్కదు. శ్రోతల వద్ద రుసుము తీసుకోకుండా ఔత్సాహిక బృందాలు చేసే ప్రదర్శననూ, ధార్మిక సంస్థ మేలుకోసం అవి చేసే ప్రదర్శననూ 52వ సెక్షను ఉల్లంఘనగా లెక్కించదు. కంబదూరు గుడిలో శనివారం రాత్రి భజనబృందం రాళ్ళపల్లి వరుసను ఉచితంగా పాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అనుమతి ప్రశ్న వచ్చేది స్వరలిపిని తిరిగి అచ్చువేసి అమ్మేటప్పుడు, ధ్వనిముద్రికలుగా వెలువరించేటప్పుడు.

ముగింపు

రాళ్ళపల్లి ఉదాహరణ తేల్చే విషయం ఇది: చట్టంలోని స్వోపజ్ఞత కృతి గొప్పతనానికి కొలత కాదు, కృతి పుట్టుకకు సాక్ష్యం. ఏ భాగం ఎవరి నుంచి పుట్టిందో విడదీసి చూపగలిగినప్పుడే అది పనిచేస్తుంది. ఆ విడదీత న్యాయస్థానం కంటే ముందు పరిశోధకుని చేతిలో ఉంది. సంకీర్తన గ్రంథాలలో మాతుకర్త పేరుతో పాటు ధాతుకర్త పేరు, స్వరపరిచిన సంవత్సరం, రేకులోని రాగం, పాడుతున్న రాగం వేర్వేరుగా నమోదు కావాలి. పరిష్కృత పాఠంలో ప్రతిపాఠం ఏదో, పరిష్కర్త ఊహ ఏదో గుర్తులతో తెలియాలి. ఇవి గ్రంథ పరిష్కరణలో ఎప్పటినుంచో ఉన్న మర్యాదలే. చట్టం వాటికి అదనపు ప్రయోజనం కల్పించింది.

‘అన్నమాచార్య కీర్తన’ అన్న ఒక్క మాటతో సరిపెట్టే అలవాటు కొనసాగితే, 2039 తర్వాత హక్కు ముగియడంతో పాటు కర్త జ్ఞాపకం కూడా ముగుస్తుంది. హక్కుకు గడువు ఉండడం న్యాయమే. కర్తృత్వానికి గడువు లేదు. రాగిరేకుపై లేని వరుసను తెలుగువారి గొంతుకు ఎక్కించినవారెవరో ప్రతి ముద్రణలో రాసి ఉంచవలసిన బాధ్యత తెలుగు శాఖలది, పరిష్కర్తలది, ప్రచురణకర్తలది.